పెద్ద డబ్బా కాదు, మాట ఇనపడాలె



ఈ నెల నేను కథ రాయలేదు, పొడుపుకథలు కూడా రాయలేదు. ఒక అభిప్రాయం రాస్తున్నాను. ఎవరినీ నొప్పించాలని కాదు. నా మాట తప్పైతే వచ్చే నెల ఇదే గోడ మీద మీరు జవాబు రాయండి.

సంగతి ఏమిటంటే, మన పూర్వ విద్యార్థినులు కంప్యూటర్ గదికి 3,000 రూపాయలు ఇచ్చారు. పాత స్పీకర్లు చెడిపోయినాయి కాబట్టి ఆ డబ్బుతో కొత్తవి కొనాలని అనుకున్నారు. "ఏవి కావాల్నో మీరే ఆలోచించి చెప్పండమ్మా" అని మేడం గారు ప్రార్థనలో అన్నారు. ఆ రోజు నుంచి మన డార్మెట్రీలో రెండు పార్టీలు అయినాయి. ఒకటి పెద్ద డబ్బా పార్టీ. రెండోది చిన్న డబ్బాల పార్టీ. పెద్ద డబ్బా పార్టీలో మస్తు మంది ఉన్నారు. చిన్న డబ్బాల పార్టీలో నేను, ఇంకో నలుగురం. అందుకే రాస్తున్నాను. తక్కువ మంది ఉన్నోళ్లు అరిస్తే లాభం లేదు, రాస్తే ఉంటది.

ముందు నా సంగతి చెప్తాను. నేను నల్లమలలో చెంచు పెంట నుంచి వచ్చిన దాన్ని. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. మా నాయినకు అడవిలో ఏ చెట్టు ఎక్కడుందో తెలుసు, తేనె ఏ బండకు పట్టిందో తెలుసు. కాని అక్షరం తెలియదు. బడిలో అర్థం కానిది ఇంటికి పోయి అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. కాబట్టి బడిలో చెవిన పడిందే నా చదువు. చెవిన పడకపోతే ఇంక ఎక్కడా లేదు.

నేను ఇక్కడికి రాకముందు వేరే బడిలో చదివాను. అక్కడ కంప్యూటర్‌కు ఒక పెద్ద స్పీకర్ పెట్టారు. చూడటానికి మా గుడిసెలో వడ్లు పోసే గాబు అంత ఉండేది. పాట పెడితే కిటికీలు వణికేవి. అందరం సంబరపడ్డాం. కాని ఇంగ్లీషు పాఠం పెడితే నాకు బుమ్ బుమ్ అని తప్ప ఏమీ తెలిసేది కాదు. నేను వెనుక బల్ల. ఒకరోజు కంప్యూటర్‌లో అంకెలు చెప్తుంటే రాయమన్నారు. ఫిఫ్టీన్ అన్నచోట నేను 50 రాసిన. థర్టీ అన్నచోట 13 రాసిన. పదికి మూడు వచ్చినాయి. "నీకు చెప్పినా ఒకటే, చెప్పకున్నా ఒకటే" అన్నారు. నేను నిజమే అనుకున్న. నా బుర్రలోనే ఏదో తక్కువ ఉందనుకున్న. రెండేండ్లు అట్లనే అనుకున్న.

ఇక్కడికి వచ్చినాక ఒక ఆదివారం కంప్యూటర్ సారు హెడ్‌ఫోను ఇచ్చి అదే తీరు పాఠం పెట్టారు. ఫిఫ్టీన్ చివర న అనే శబ్దం నా చెవిలో పడింది. ఫిఫ్టీలో అది లేదు. ఇంతేనా అనుకున్న. ఆ రోజు పదికి తొమ్మిది వచ్చినాయి. నా బుర్ర అదే, చెవులు అవే. మారింది డబ్బా ఒక్కటే.

కాబట్టి స్నేహితులారా, స్పీకర్ కొనడం అంటే సోకు కోసం కొనే వస్తువు కాదు. ఎవరికి చదువు అందాలె, ఎవరికి అందకూడదు అనేది కూడా అందులో ఉంది. నేను ఈ సంగతి వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివే మన సీనియర్ అక్కను సెలవుల్లో అడిగి కొంత తెలుసుకున్నాను. కొంత మన తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం చదివి తెలుసుకున్నాను. తెలిసింది రాస్తాను.

మనిషి చెవికి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు ఇనపడతాయి. దీన్నే 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ అంటారు. పెద్ద డోలు దెబ్బ కింది భాగంలో ఉంటది, వంద హెర్ట్జ్ అటుఇటు. మన మాటకు బలం ఇచ్చే అచ్చులు మధ్యలో ఉంటాయి. స, శ, ఫ లాంటి హల్లులు పైన ఉంటాయి, 4,000 హెర్ట్జ్ దాటి కూడా పోతాయి. ఒక మాటను ఇంకో మాట నుంచి వేరు చేసేవి ఎక్కువగా ఈ సన్న శబ్దాలే. అవి బలహీనంగా ఉంటాయి. కింద నుంచి బుమ్ బుమ్ ఎక్కువైతే సన్న శబ్దాలు దాని కింద మునిగిపోతాయి. జాతరలో డప్పు పక్కన నిలబడి పక్కమనిషితో మాట్లాడినట్లు.

ఇప్పుడు అంగడిలో దొరికేవి చెప్తాను. కంప్యూటర్ స్పీకర్లకు పెట్టె మీద 2.0, 2.1, 5.1 అని రాసి ఉంటది. 2.0 అంటే రెండు డబ్బాలు, ఎడమకొకటి కుడికొకటి. 2.1 అంటే ఆ రెండింటితో పాటు బుమ్ శబ్దానికి వేరే పెద్ద డబ్బా. దాన్ని సబ్‌వూఫర్ అంటారు. 5.1 అంటే చుట్టూ పెట్టుకునే అయిదు డబ్బాలు, ఒక సబ్‌వూఫర్. అది సినిమా చూసే గదికి. మనకు పని లేదు, పైసలు లేవు.

ధరలు అడిగితే నాగర్‌కర్నూల్‌లో, అచ్చంపేటలో అంగళ్లవాళ్లు ఇట్ల చెప్పారు. యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకునే చిన్న జత 400 నుంచి 800 రూపాయలు. గోడ ప్లగ్గుకు పెట్టే 2.0 జత 1,200 నుంచి 2,500. సబ్‌వూఫర్ ఉన్న 2.1 సెట్టు 2,000 నుంచి పైకి. కంపెనీని బట్టి తేడా ఉంటది. పెద్ద డబ్బా పార్టీ వాళ్లు అనేది ఏమంటే, "3,000 ఉన్నాయి కదా, 2.1 వస్తది కదా, ఎందుకు చిన్నవి కొనాలె?" అని. వస్తది, నిజమే. కాని 3,000 లోపల మూడు డబ్బాలు చేసి ఇవ్వాలంటే కంపెనీవాళ్లు ఎక్కడో ఒకచోట తగ్గించాలె గదా. తగ్గించేది చాలాసార్లు పక్కనున్న రెండు చిన్న డబ్బాలలోనే. బుమ్ మిగులుతది, మాట పోతది. అదే డబ్బులో రెండే డబ్బాలు కొంటే, ఆ రెండూ గట్టివి వస్తాయి.

వాట్ల గురించి కూడా మోసపోవద్దు. పెట్టె మీద 1,000 వాట్లు, 2,000 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి పక్కన చిన్నగా పి.ఎం.పి.ఓ. అని రాస్తారు. అది రెప్పపాటు కాలానికి కాగితం మీద కట్టిన లెక్క. మనం చూడాల్సింది ఆర్.ఎం.ఎస్. వాట్లు, అంటే ఎడతెగకుండా ఇయ్యగలిగే బలం. యూఎస్‌బీ స్పీకర్లకు మీరే లెక్క చేయవచ్చు. మామూలు యూఎస్‌బీ 2.0 రంధ్రం నుంచి వచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్. 5 × 0.5 = 2.5 వాట్లు. రంధ్రంలో నుంచి రెండున్నర వస్తుంటే స్పీకర్ ఎడతెగకుండా 20 వాట్లు ఎక్కడ నుంచి ఇస్తది? బిందెలో ఉన్న నీళ్లే గదా కడవలోకి వచ్చేది. ఆ చిన్న జత ఒక్క మనిషి కూర్చొని ఇనడానికి మంచిదే. నలభై మందికి చాలదు.

ఇంకో మాట. వాట్లు రెండింతలైతే శబ్దం రెండింతలు కాదు. 10 వాట్లకు 20 వాట్లకు తేడా 3 డెసిబెల్లే. చెవికి కొంచెం పెరిగినట్లు ఉంటది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలె. కాని దూరం సంగతి చూడండి. ఆరుబయట దూరం రెండింతలైతే శబ్దం 6 డెసిబెల్లు తగ్గుతది. అంటే బల్లలు దగ్గరికి జరిపితే ఒక్క పైసా లేకుండా మనకు ఎక్కువ వాట్లు వచ్చినట్లే! మన కంప్యూటర్ గది నేను అడుగులతో కొలిచిన. స్పీకర్ పెట్టే బల్ల నుంచి మొదటి వరుసకు 6 అడుగులు. చివరి వరుసకు 24 అడుగులు. ఎవరు వెనుక కూర్చుంటారో మీకు తెలుసు. కొత్తగా వచ్చినోళ్లు, సిగ్గుపడేవాళ్లు, మా లాంటి పెంటల పిల్లలు.

ఇక వినేవాళ్ల ఇష్టం గురించి. "నీకు పాటలంటే ఇష్టం లేదు, అందుకే గట్ల అంటున్నవ్" అని నన్ను అన్నారు. ఇష్టమే. నేను కూడా శనివారం సాయంత్రం ఎగిరేదాన్నే. కాని ఇష్టాలు ఒక్క తీరుగా ఉండవు. వనపర్తి వైపు తండాల నుంచి వచ్చిన చెల్లెళ్లకు లంబాడీ పాటలు కావాలె. అందులో ఆడవాళ్ల గొంతులు గుంపుగా కలిసి వస్తాయి. గద్వాల నుంచి వచ్చిన అక్కకు పద్యాలు కావాలె. వాళ్ల ఊరును పూర్వం విద్వద్గద్వాల అనేవారని ఆమె రోజుకొకసారి చెప్తది. పద్యంలో ఒక్క అక్షరం మింగేస్తే పద్యం పోయినట్లే. ఇంకొందరికి డప్పు, తీన్మార్ కావాలె. వాళ్లకు బుమ్ కావాలె, అది తప్పు కాదు. ఒక్కరే ఉండి, చిన్న గదిలో పాటలే వినే మనిషైతే నేనే 2.1 కొనుక్కోమని చెప్తాను. ఎవరు, ఎక్కడ, ఏమి వింటారో చూసుకొని కొనాలె. మనం నలభై మందిమి, రేకుల గదిలో, ఎక్కువ పాఠాలు వింటాం. టి-శాట్ పాఠాలు, ఇంగ్లీషు, లెక్కలు. పాటలు వారానికి ఒక్క గంట. ఒక్క గంట కోసం మిగిలిన గంటలు పాడు చేసుకోవద్దు.

మా అవ్వ పాట గురించి ఒకటి చెప్పాలె. అవ్వ అంటే మా నాయినకు అమ్మ. ఆమె అడవిలో గడ్డలు తవ్వేటప్పుడు పాడే పాటను మా అన్న సెల్‌ఫోనులో పట్టిండు. చెట్ల కింద పట్టిండు కాబట్టి గాలి చప్పుడు కూడా పడింది. ఇప్పుడు అవ్వకు ఆయాసం, పాడలేదు. ఆ పాట ఒక్కటే ఉంది. పండుగకు పోయినప్పుడు ఒకళ్ల పెద్ద సెట్టుకు పెట్టి ఇన్నాం. గాలి గుమ్ గుమ్మని వచ్చింది, అవ్వ రాలేదు. ఎందుకంటే గాలి చప్పుడు కింది కంపనాలలో ఉంటది, సబ్‌వూఫర్ దాన్నే పట్టి పెద్దది చేస్తది. తర్వాత అంగడిలో 2.0 జతకు పెట్టి చూసిన. గాలి సన్నగా అయింది. అవ్వ గొంతు, మధ్యలో ఆమె దగ్గు, మా అన్నను తిట్టిన తిట్టు కూడా ఇనపడ్డాయి. అంగడాయన నవ్విండు. నాకు మాత్రం కండ్లల్ల నీళ్లు వచ్చినాయి.

డబ్బా పెద్దదైతేనే గొప్ప అనేవాళ్లు మన జిల్లా కిన్నెరను చూడాలె. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయించేది 12 మెట్ల కిన్నెర. వెదురు కర్రకు ఎండిన సొరబుర్రలు కట్టి, తీగలు బిగించి చేస్తారు. సన్నటి తీగ ఒక్కటే మోగితే పక్కమనిషికి కూడా ఇనపడదు. బుర్రలో ఉన్న గాలి దాన్ని పట్టుకొని పెంచుతది. అదే ఆ కాలపు స్పీకర్ డబ్బా! కాని బుర్ర తీగను పెంచాలె గాని మింగకూడదు. గొంతు పైన, కిన్నెర కింద ఉండాలె. అందుకే ఆయన కథ చెప్తుంటే మనకు మాట అందుతది. బుర్ర పెద్దదని ఎవరూ పద్మశ్రీ ఇయ్యలేదు.

ఇక కొనేటప్పుడు ఏమి చేయాలెనో రాస్తాను. ఎవరు కొన్నా పనికొస్తది.

ఒకటి. చూసి కొనవద్దు, ఇని కొనాలె. పెన్‌డ్రైవ్‌లో మూడు పెట్టుకొని పోవాలె: ఒక పాఠం, ఒక మనిషి ఒక్కరే పాడిన పాట, ఒక డప్పు పాట. అంగడాయన పెట్టే పాట ఆ డబ్బాకు కుదిరేదే ఉంటది. మన పాట మనం తీసుకుపోవాలె.

రెండు. ముందు పాఠం పెట్టమనాలె. శబ్దం తక్కువ పెట్టి ఇనాలె. తక్కువలో మాట తెలిస్తే ఎక్కువలో తెలుస్తది. తర్వాత ముప్పావు వరకు పెంచాలె. గరగర, జుమ్మని కరెంటు చప్పుడు వస్తే వద్దు.

మూడు. డబ్బాకు ఎదురుగా కాకుండా పక్కకు, దూరంగా నడిచి ఇనాలె. వెనుక బల్ల ఎంత దూరమో అంత దూరం. ఒకరు కండ్లు మూసుకొని ఇన్న మాటలు కాగితం మీద రాయాలె. ఫిఫ్టీ, ఫిఫ్టీన్ రాస్తే చాలు, తెలిసిపోతది.

నాలుగు. తీగల పొడుగు చూడాలె. రెండు డబ్బాల మధ్య తీగ మూడు అడుగులే ఉంటే గదికి రెండు పక్కల పెట్టలేము. శబ్దం పెంచే గుండీ, హెడ్‌ఫోను రంధ్రం ముందు భాగంలో ఉండాలె. వెనుక ఉంటే రోజూ డబ్బాను తిప్పి తిప్పి తీగ తెగుతది.

అయిదు. బ్లూటూత్ అని ఆశపడవద్దు. ఛార్జింగ్ ఎవరు పెట్టాల్నో రోజూ తగాదా అయితది. వీడియో పాఠంలో పెదవులు ముందు కదిలి మాట వెనుక వచ్చే అవకాశం కూడా ఉంది. తీగ ఉన్నదే మంచిది.

ఆరు. ముద్ర వేసిన బిల్లు, ఏడాది గ్యారంటీ కాగితం తీసుకోవాలె. బిల్లు లేకుండా యాభై తగ్గిస్తమంటే ఒప్పుకోవద్దు.

కొన్న తర్వాత పని ఇంకా ఉంది. డబ్బాలను నేల మీద, మూలల్లో పెట్టవద్దు. మూలలో పెడితే బుమ్ ఇంకా పెరుగుతది. కూర్చున్న మనిషి చెవి అంత ఎత్తులో పెట్టాలె. మన గది రేకులది, గోడలు బోసివి. మాట గోడకు తగిలి తిరిగి వచ్చి అసలు మాట మీద పడుతది. వెనుక గోడకు చినిగిన పాత దుప్పట్లు రెండు మూడు వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గుతది. దుప్పట్లు మన స్టోరు రూములో ఉన్నాయి. ఉతికేది మేమే ఉతుకుతాం.

నా లెక్క ఇది. గట్టి 2.0 జత 1,600 రూపాయలు. పొడుగు తీగ, ప్లగ్గు బోర్డు 300. రెండు హెడ్‌ఫోన్లు 800. ఒక రంధ్రానికి రెండు హెడ్‌ఫోన్లు పెట్టే చిన్న తీగ 100. మొత్తం 2,800. మిగిలిన 200 రిపేరుకు మేడం గారి దగ్గర ఉంచాలె.

హెడ్‌ఫోన్లు ఎందుకంటే, మన హాస్టల్లో చిన్నప్పుడు చెవి కారి ఇప్పుడు సరిగా ఇనపడని చెల్లె ఉంది. ఆమె ఎవరికీ చెప్పదు. పిలిస్తే పలకదని అందరం ఆమెను పొగరుబోతు అన్నాం, నేను కూడా అన్న. నేను రెండేండ్లు వెనుక బల్ల మీద ఎట్ల కూర్చున్ననో ఆమె ఇప్పుడు అట్ల కూర్చుంటది. వెనుకబడిన వాళ్లు సాయంత్రం పాఠం మళ్లీ వినడానికి కూడా హెడ్‌ఫోన్లు పనికొస్తాయి. శబ్దం మాత్రం తక్కువ పెట్టుకోవాలె. పిల్లలకు వారానికి 40 గంటలు వింటే 75 డెసిబెల్లు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీటరు మన దగ్గర లేదు కాబట్టి ఒక గుర్తు: పక్కమనిషి మామూలుగా పిలిస్తే ఇనపడాలె.

పెద్ద డబ్బా పార్టీ అక్కలు అడిగే ఒక మాట ఉంది. "బతుకమ్మకు మైదానంలో ఏమి పెట్టాలె?" అని. మంచి ప్రశ్నే. కాని 3,000 రూపాయల 2.1 సెట్టు కూడా మైదానంలో సరిపోదు. గోడలు లేనిచోట బుమ్ గాలిలో కలిసిపోతది. మైదానానికి ప్రార్థన మైకు సెట్టు ఉంది. అదీ చాలకపోతే మన చేతులు ఉన్నాయి, గొంతులు ఉన్నాయి. డబ్బాలు లేనప్పుడు మన అవ్వలు బతుకమ్మ ఆడలేదా?

మేడం గారికి నా మనవి ఒక్కటే. కొనడానికి పోయినప్పుడు మాలో ఇద్దరిని తీసుకుపొండి. ముందు బల్ల పిల్లలను కాదు. వెనుక బల్ల నుంచి ఒకరిని, చెవి సరిగా ఇనపడని ఆ చెల్లెను. ఆమెకు ఇనపడిన డబ్బా అందరికీ ఇనపడతది.

స్నేహితులారా, చదివినాక ఊరికే పోకండి. కింద తెల్ల కాగితం అంటించిన. 2.0 కావాలంటే ఒక గీత, 2.1 కావాలంటే రెండు గీతలు పెన్సిల్‌తో గీయండి. ఎందుకో ఒక్క ముక్క రాయండి. అక్షర దోషాలుంటే తెలుగు సారు దిద్దగలరు.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని
9వ తరగతి, వెనుక బల్ల